అక్షరాలు వెలసిన కొండలు: ఆదివాసుల కథనాలలో లిపుల పుట్టుక

లిపుల చరిత్రను పరిశోధించే పండితులు శాసనాలను, నాణేలను, తాళపత్రాలను కాలక్రమంలో పేర్చి, అక్షరాల ఆకృతులలో వచ్చిన మార్పులను పోల్చి చూసి, ఫలానా లిపి ఫలానా దాని నుంచి పుట్టిందని తేలుస్తారు. తెలుగు లిపికి మూలం బ్రాహ్మి అనీ, తెలుగు కన్నడాలు చాలాకాలం ఒకే లిపిని పంచుకున్నాయనీ చెప్పగలుగుతున్నది ఈ పద్ధతి వల్లనే. ఇరవయ్యో శతాబ్దంలో తూర్పు భారతపు ఆదివాసి సమాజాలలో వెలువడిన కొన్ని లిపుల విషయం ఇందుకు భిన్నమైనది. వాటిని వెలుగులోకి తెచ్చినవారి పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు తెలిసినవే అయినా, ఆ సమాజాలు వాటిని ఒక మనిషి కూర్చిన లిపులుగా చెప్పుకోవు. సవరల కథనంలో అక్షరాలు దైవదర్శనంలో కనిపించాయి. సంతాలుల కథనంలో అవి మనుషులుగా పుట్టిన ఇద్దరు దేవతల మధ్య నడిచిన సందేశాలతో మొదలయ్యాయి. హో ప్రజల కథనంలో అవి వందల ఏళ్ల కిందట పుట్టి, మరుగునపడి, మళ్లీ దొరికాయి.

ఇటువంటి కథనాల పట్ల విద్వాంసులు సాధారణంగా రెండు ధోరణులు చూపుతారు. కొందరు వాటిని పుక్కిటి పురాణాలుగా పక్కనపెట్టి లిపికర్త పేరు, తేదీ మాత్రం నమోదు చేస్తే, మరికొందరు వాటిని యథాతథంగా ఒప్పుకుని లిపి ప్రాచీనతకు రుజువులుగా చూపుతారు. ఈ రెండు ధోరణులలోనూ అసలు విషయం జారిపోతుంది. లిపి పుట్టుక గురించి ఒక సమాజం చెప్పుకునే కథ, ఆ లిపి ఎందుకు కావలసివచ్చిందో, దాని మీద ఎవరికి హక్కు ఉందని ఆ సమాజం భావించిందో తెలిపే చారిత్రక ఆధారం. ఆ ఆధారాన్ని తేదీల పక్కన పెట్టి చదివితేనే ఈ లిపుల చరిత్ర పూర్తవుతుంది. ఇందుకు తెలుగువారికి అతి సమీపంలో ఉన్న ఉదాహరణ సవరల లిపి.

సవరల భాష, పరాయి రాతలు

తమను సోరా అని పిలుచుకునే సవరలు ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండప్రాంతాలలోను నివసిస్తారు. వారి భాష తెలుగు, కువి, గోండి వంటి ద్రావిడ భాషల కోవలోకి గాని, ఒడియా వంటి ఆర్యభాషల కోవలోకి గాని రాదు. సంతాలీ, ముండారీ, హో భాషలతో పాటు ముండా శాఖకు చెందుతుంది. ఈ శాఖ, కంబోడియా, వియత్నాం దేశాల ప్రధాన భాషలు ఉన్న ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలోనిది.

సవరలు తమ భాషను రాసుకోకపోయినా రాతతో వారికి పరిచయం లేకపోలేదు. సంతలో షావుకారు రాసుకున్న అప్పుపద్దు, అడవి శాఖ నోటీసు, ఠాణాలోని ఫిర్యాదు కాగితం, కొండదొర వసూళ్ల లెక్క, ఇవన్నీ సవరల జీవితాన్ని శాసించిన రాతలే అయినా, తెలుగులోనో ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండడం వల్ల సవరలు చదవలేనివి. రాత తెలిసినవాడి చేతిలో అధికారం ఉంటుందన్న ఎరుక ఆ సమాజానికి అక్షరం రాకముందే కలిగింది.

సవర భాషను రాతలోకి తెచ్చిన తొలి గట్టి ప్రయత్నం తెలుగు పండితుడిది. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 1880 నుంచి ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి, భాష తెలిసిన మనిషిని ఆశ్రయించి సవర నేర్చుకుని, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపి, వారి కోసం తెలుగు లిపిలో సవర వాచకాలు, కథలు, పాటలు కూర్చారు. అయితే సవర పలుకులో తెలుగు గుర్తులకు లొంగని ధ్వనులు ఉన్నాయి. గొంతులో గాలిని ఒక్క క్షణం బిగబట్టి విడిచే కంఠమూలీయ స్పర్శం వాటిలో ముఖ్యమైనది. అందువల్ల 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణంలోను, 1938 నాటి సవర-ఇంగ్లీషు నిఘంటువులోను సవర మాటలు రోమన్ అక్షరాల మీద ఆధారపడిన ధ్వనిలిపిలో అచ్చయ్యాయి. కెనడా బాప్టిస్టు మిషనరీలు క్రైస్తవ గ్రంథాలను సవరలోకి తేవడానికి రోమన్ లిపినే వాడుకున్నారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలో ఉన్న గుణుపురం ప్రాంతం, పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం అందులో కలిశాయి. ఆ నిర్ణయాన్ని నిరసిస్తూ గిడుగు పర్లాకిమిడి విడిచి రాజమండ్రి చేరారు. సవరల ఊళ్లు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. ఒకవైపు బడిభాష, కచేరీభాష తెలుగుగా ఉండిపోగా మరోవైపు ఒడియా ఆ స్థానంలోకి వచ్చింది. ఈ మార్పు జరిగి మూడు నెలలు నిండకముందే గుణుపురం ప్రాంతపు కొండల్లో సవరలకు సొంత లిపి వెలువడింది.

అక్షరబ్రహ్మ ఇచ్చిన ఇరవైనాలుగు

ఆ ప్రాంతంలో సవరలకు నాయకుడిగా పేరున్న మాలియా గొమాంగో, తన జాతికి సొంత అక్షరాలు కావాలని తపించాడని, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు ఎరిగిన అల్లుడు మంగేయి గొమాంగోను ఆ పనికి పురికొల్పాడని లిపి చరిత్రలు చెబుతాయి. 1936 జూన్ 18న మంగేయికి దర్శనంలో 24 అక్షరాలు కనిపించాయి. వాటిని ఇచ్చిన దైవం అక్షరబ్రహ్మ. ఒక్కొక్క అక్షరం సవరల దేవతాగణంలోని ఒక్కొక్క దేవతకు రూపం. ఆ దేవత పేరులోని ధ్వనే అక్షరం పలికే ధ్వని. మంగేయి ఈ అక్షరాలను ఆరాధించే మార్గాన్ని నెలకొల్పి, వాటిలో రచనలు వెలువరించాడు. మరిచగూడలో అక్షరాలకే గుడి వెలసింది. ఈ లిపిని సొరాంగ్ సోంపెంగ్ అంటారు.

ఈ లిపిని దగ్గరగా చూస్తే కథనానికి, నిర్మాణానికి ఉన్న పొత్తు తెలుస్తుంది. తెలుగు వర్ణమాల అచ్చులతో మొదలై, నోటిలో ధ్వనులు పుట్టే స్థానాలను బట్టి క, చ, ట, త, ప వర్గాలుగా సాగుతుంది. సొరాంగ్ సోంపెంగ్ వరుస స, త, బ, చ, ద, గ, మ అంటూ హల్లులతో ఆరంభమై, 18 హల్లులు పూర్తయ్యాక 6 అచ్చులతో ముగుస్తుంది. ధ్వనిశాస్త్రం ప్రకారం ఈ క్రమానికి అర్థం కనబడదు. అది దేవతల వరుస. తెలుగులోలాగే హల్లులో ఒక అచ్చు ఇమిడి ఉంటుంది గాని, ఆ అచ్చు లేదని చూపడానికి పొల్లు లేదు, రెండు హల్లులను కలపడానికి ఒత్తులూ లేవు. ఎక్కడ అచ్చు పలకాలో, ఎక్కడ మింగాలో మాట తెలిసిన పాఠకుడే నిర్ణయించుకోవాలి. కొన్నిచోట్ల రెండు వేర్వేరు అచ్చులకు ఒకే అక్షరం సరిపెట్టుకోవలసివస్తుంది.

భాషాశాస్త్రజ్ఞులకు ఇది లోపంగా కనబడడం సహజం. ధ్వనికొక గుర్తు ఉండాలన్న సూత్రంతో కొలిస్తే గిడుగు వాడిన ధ్వనిలిపి దీనికంటే ఎంతో నిర్దుష్టమైనది. అయితే మంగేయి అక్షరాల సంఖ్య దేవతల లెక్కకు కట్టుబడినది. మరికొన్ని గుర్తులు చేర్చితే రాత సులువవుతుందేమో గాని, దేవత లేని అక్షరానికి ఆ వ్యవస్థలో చోటు దొరకడం కష్టం. పైగా సవర మాట తెలియనివాడు ఈ రాతను సరిగా పలకలేడు. పరాయి రాతల వల్ల నష్టపోయిన సమాజానికి ఆ గుణం లోపంగా తోచి ఉండదు.

అంకెల విషయం ఇంకొక సంగతి తెలుపుతుంది. సవరలు నోటితో లెక్కపెట్టేటప్పుడు పన్నెండు వరకు వేర్వేరు మాటలు వాడి, పదమూడును పన్నెండూ ఒకటిగా, పంతొమ్మిదిని పన్నెండూ ఏడుగా చెప్పి, ఇరవై దగ్గర కొత్త మెట్టు ఎక్కుతారు. ముప్ఫైమూడు వారి లెక్కలో ఇరవై, పన్నెండు, ఒకటి. సొరాంగ్ సోంపెంగ్‌లోని అంకెలు మాత్రం సున్న నుంచి తొమ్మిది దాకా పదే. నోటి లెక్క పాతది, రాత లెక్క బడిలో నేర్చిన దశాంశ పద్ధతి. కథనంలో కనబడని మంగేయి చదువు అంకెలలో కనబడుతున్నది.

గోడమీది బొమ్మ, గుడిలోని అక్షరం

దర్శనంలో రూపాలు కనిపించడం, కనిపించినదాన్ని గీసి దేవతను అందులో నిలపడం సవరలకు 1936లో కొత్తగా వచ్చిన ఊహ కాదు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవరల మతం గురించి 1955లో ప్రచురించిన గ్రంథంలో వారి గోడబొమ్మల సంప్రదాయాన్ని విపులంగా వర్ణించాడు. ఇంట్లో జబ్బు చేసినా, పంట దెబ్బతిన్నా, చనిపోయినవారి ఆత్మకు తృప్తి కావలసివచ్చినా, ఫలానా బొమ్మ గీయాలని పూజారికో ఇంటివారికో కలలో ఆజ్ఞ అందుతుంది. ఎర్రమట్టి అలికిన గోడ మీద, పుల్ల కొనను నలిపి చేసిన కుంచెతో, తెల్లని వరిపిండి అద్ది మనుషులను, జంతువులను, చెట్లను గీసి, ఆ చిత్రంలోకి దేవతను ఆవాహన చేస్తారు. కాలం గడిచేకొద్దీ ఆ చిత్రాలలో ఏనుగులు, గుర్రాలతో పాటు రైళ్లు, సైకిళ్లు, అధికారులు కూడా చేరారు. ఒడిశా వైపు ఇడితాల్ అని, ఆంధ్ర వైపు ఎడిసింగ్ అని పిలిచే చిత్రాలు ఇవే.

సవర పూజారిణికి పాతాళలోకంలో ఒక భర్త ఉంటాడని, ఆ అదృశ్య భర్త సాధారణంగా పై కులపు హిందువై ఉంటాడని కూడా ఎల్విన్ నమోదు చేశాడు. పూజారిణికి శక్తి అతని నుంచి వస్తుంది. కింది మైదానాల్లో ఉన్న అధికారాన్ని లోకాంతర సంబంధం ద్వారా తమ ఇంటికి రప్పించుకోవడం ఆ సమాజానికి తెలిసిన మార్గమని దీన్నిబట్టి గ్రహించవచ్చు. రాత కూడా మైదానపు అధికారమే. దాన్ని రాజాస్థానం నుంచో మిషనరీ నుంచో తీసుకుంటే తీసుకున్నవాడు శిష్యుడవుతాడు. దర్శనం ద్వారా అందుకుంటే అది మొదటి నుంచీ తమ దేవతలదే అవుతుంది. గోడబొమ్మలో దేవత నివసించినట్టే అక్షరంలోనూ నివసిస్తుంది కాబట్టి, మంగేయి కథనం సవరలకు వింతగా తోచనవసరం లేదు. లిపి కొత్తదే అయినా దాన్ని సమాజం ముందుంచిన పద్ధతి పాతది.

పూరీ స్థలపురాణంలో జగన్నాథుడి పూర్వరూపమైన నీలమాధవుణ్ణి అడవిలో రహస్యంగా అర్చించినవాడు విశ్వావసు అనే శబర నాయకుడు. తమ కొండల దైవమే తరువాత రాజుల గుడిలో కొలువుతీరిందన్న ఈ జ్ఞాపకం వ్యాపించిన ప్రాంతంలో, అక్షరం కూడా తమకు దైవదత్తమని చెప్పడానికి నేల ముందే సిద్ధమై ఉంది.

సంతాలులు, హోలు

సవరలకు భాషాబంధువులైన సంతాలుల లిపికి ఓల్ చికి అని పేరు. మయూర్‌భంజ్ సంస్థానంలో 1905లో పుట్టిన రఘునాథ్ ముర్ము దాన్ని 1925లో రూపొందించాడు. అప్పటికి సంతాలీని బెంగాల్‌లో బెంగాలీ లిపిలో, ఒడిశాలో ఒడియా లిపిలో, బిహార్‌లో దేవనాగరిలో, మిషనరీల పుస్తకాలలో రోమన్‌లో రాసేవారు; ఒక ప్రాంతపు సంతాలు రాసినదాన్ని మరో ప్రాంతపు సంతాలు చదవలేని స్థితి. రఘునాథ్ తానే లిపిని కల్పించానని చాటుకోకుండా, దాని మూలాన్ని బిదు, చందన్ అనే దేవతలకు ఆపాదించి, వారి పేరుతోనే నాటకం రాశాడు. మనుషులుగా పుట్టి ఒకరినొకరు ప్రేమించిన ఆ ఇద్దరూ తమ మధ్య సందేశాలు నడవడానికి గుర్తులు వాడుకున్నారని కథ. నాటకం ఊరూరా ఆడినకొద్దీ లిపి కూడా ఊరూరా తిరిగింది.

ఓల్ చికి అక్షరాలు సవర లిపికి భిన్నంగా పనిచేస్తాయి. ఆరు వరుసలలో, వరుసకు అయిదు చొప్పున 30 అక్షరాలు. ప్రతి వరుస మొదటిది అచ్చు. హల్లులో అచ్చు ఇమిడి ఉండదు కాబట్టి ప్రతి ధ్వనినీ విడిగా రాయాలి. అక్షరాల పేర్లు చాలావరకు సంతాలీ మాటలు, రూపాలు ఆ మాటలు చెప్పే వస్తువుల రేఖలు. ఇర్ అనే అక్షరం పంట కోసే కొడవలి, ఉద్ పుట్టగొడుగు, ఆమ్ ఎదుటివాణ్ణి చూపిస్తూ నువ్వు అనే మనిషి, ఇఞ్ తనవైపే చేయి చూపించుకుంటూ నేను అనే మనిషి. సంతాలు పిల్లవాడు ఈ అక్షరాలు దిద్దుతున్నప్పుడు తన పొలాన్ని, అడవిని, సంభాషణను దిద్దుతున్నాడన్నమాట. సవరలకు దేవతలు ఏ హామీ ఇచ్చారో సంతాలులకు ప్రకృతి ఆ హామీ ఇచ్చింది: ఈ రూపాలు పక్కవాడి పలక మీద నుంచి దింపుకున్నవి కావు.

హో భాషకు వారంగ్ చితి లిపిని ప్రచారంలోకి తెచ్చిన లాకో బొద్రా (1919-1986) చెప్పిన కథలో కాలం మరింత వెనక్కి పోతుంది. పదమూడో శతాబ్దంలో దేవాన్ తూరి అనే మహాపురుషుడు ఈ లిపిని కనిపెట్టాడని, అది కాలగర్భంలో కలిసిపోతే తనకు దర్శనంలో మళ్లీ కనిపించిందని ఆయన చెప్పాడు. ఆ శతాబ్దపు శాసనం గాని, తాళపత్రం గాని ఆయన చూపలేదు. పైగా ఈ లిపిలో ఇంగ్లీషులోలాగా పెద్దబడి, చిన్నబడి అక్షరాలు ఉన్నాయి. బ్రాహ్మి సంతతికి చెందిన లిపులలో ఈ భేదం లేదు. ఆధునిక విద్యతో పరిచయం లేకుండా ఆ లక్షణం రావడం అసంభవం. అయినా ఆ కథ చేసిన పని చిన్నది కాదు. ప్రాచీనత ఉన్న భాషలకే గౌరవం దక్కే దేశంలో, తమకూ పూర్వం అక్షరం ఉండేదని చెప్పడం ద్వారా హోలు తమను నిరక్షరాస్యుల జాబితా నుంచి అక్షరాలు పోగొట్టుకున్నవారి జాబితాలోకి మార్చుకున్నారు.

పోయిన రాత, గుర్తొచ్చిన రాత

పోగొట్టుకున్న రాత గురించిన కథలు ఆసియా కొండజాతులలో విస్తారంగా వినిపిస్తాయి. దేవుడు తమకు తోలు మీద రాసి ఇచ్చిన గ్రంథాన్ని కుక్క తినేసిందని మిజోలు చెప్పుకుంటారు. గేదె తోలు మీద ఉన్న తమ రాతను వలసదారిలో ఆకలికి తాళలేక తామే తినేశామని ఆఖా ప్రజల కథ. రాజ్యాల పట్టు నుంచి తప్పుకోవడానికి ఈ జాతులు రాతను కావాలనే వదులుకుని ఉండవచ్చని రాజనీతిశాస్త్రజ్ఞుడు జేమ్స్ స్కాట్ 2009లో వాదించాడు. ఆ వాదాన్ని ఒప్పుకున్నా మానినా, ఒక్క విషయం స్పష్టం: ఈ కథలలో ఏ జాతీ తనకు రాత చేతకాదని చెప్పుకోదు.

దర్శనకథ మానవ ప్రయత్నాన్ని దాచిపెట్టాలన్న నియమం కూడా లేదు. పశ్చిమాఫ్రికాలో, నేటి లైబీరియా ప్రాంతంలో, 1830 దశకంలో వాయి భాషకు లిపి ఇచ్చిన మొమొలు దువాలు బుకెలె, తనకు కలలో ఒక పెద్దమనిషి పుస్తకం చూపించి అక్షరాలు నేర్పాడని 1849లో తనను కలిసిన జర్మన్ మిషనరీ సిగిస్మండ్ కోలెకు వివరించాడు. మేలుకొన్నాక ఆ గుర్తులు జ్ఞాపకం లేకపోవడంతో స్నేహితులను కూర్చోబెట్టుకుని వేరే గుర్తులు ఏర్పరిచామని కూడా ఆయనే చెప్పాడు. అధికారం కలది, శ్రమ మనుషులది.

తెలంగాణలోని ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండి లిపి ఈ కథలన్నిటికీ ఎదురుగా నిలుస్తుంది. అక్కడ దర్శనం లేదు, ఉన్నవి రాతప్రతులు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం సేకరించిన సుమారు డజను ప్రతులలో రోజుల, నెలల పేర్లు, జాతక విషయాలు, వ్యాకరణం, అంకెలు ఉన్నాయి. గోండి పండితులు, పరిశోధకులు కలిసి వాటి కాలాన్ని సుమారు 1750గా అంచనా కట్టారు. గోండికే మరో లిపిని మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసారం 1918లో రూపొందించాడు. ఆదివాసులకు ఇరవయ్యో శతాబ్దం దాకా రాత లేదన్న సాధారణ నమ్మకాన్ని గుంజాల ప్రతులు గట్టిగా ప్రశ్నిస్తున్నాయి. పోయిన లిపి తిరిగి దొరికిందని చెప్పే కథనాన్ని వినగానే కొట్టిపారేయకూడదని, ఆధారం కోసం ఊళ్లలో వెదకాలని కూడా అవి హెచ్చరిస్తున్నాయి.

తీర్పు ఎవరిది

ఈ లిపుల భవిష్యత్తు వాటి మూలకథల మీద కంటే బడి మీద, ప్రభుత్వం మీద ఎక్కువగా ఆధారపడింది. సంతాలీ 2003లో రాజ్యాంగ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఉన్నందువల్ల ఓల్ చికి బలంగా నిలిచింది. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో ఓల్ చికి 2008లో, సొరాంగ్ సోంపెంగ్ 2012లో, వారంగ్ చితి 2014లో, మసారం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో స్థానం పొందాయి. అయినా సొరాంగ్ సోంపెంగ్ వాడుక ప్రధానంగా అక్షరబ్రహ్మ మార్గాన్ని అనుసరించేవారిలోనే మిగిలింది. క్రైస్తవ సవరలకు రోమన్ లిపి అలవాటైంది. ఒడిశాలో ఒడియా లిపి నడుస్తున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రారంభించిన మాతృభాషా బోధనలో సవర వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఒకే భాష మాట్లాడేవారు నాలుగు లిపులలో చీలి ఉన్నారు.

ఏ లిపి శాస్త్రీయమో, ఏది సులువో తేల్చడం భాషాశాస్త్రజ్ఞులకు సాధ్యమే. తెలుగు లిపి నేర్చిన సవర పిల్లవాడికి పై చదువులకు దారి సుగమమవుతుందన్న వాదనలోనూ బలం ఉంది. అయితే సవరల సొంత కథనం లేవనెత్తిన ప్రశ్నకు వీటిలో జవాబు లేదు: అక్షరం ఎవరి ఇంటిది? గిడుగు వంటి మహానుభావుడు ప్రేమతో ఇచ్చిన లిపి కూడా సవరలకు బయటినుంచి అందినదే. మంగేయి లిపి, దాని లోపాలన్నిటితో సహా, లోపలినుంచి వచ్చినది. అందువల్ల ఆంధ్ర వైపు సీతంపేట కొండల బడుల్లో ఏ లిపి వాడినా, సొరాంగ్ సోంపెంగ్ అక్షరాలు, వాటి పుట్టుక కథ సవర వాచకాలలో పాఠంగా ఉండాలి; లిపి గురించి ప్రభుత్వం ఏ నిర్ణయం తీసుకున్నా సవరల సభలో చర్చించాకే తీసుకోవాలి.